ఎడమకి వాలిన సీటు

నాకు నోరు ఎక్కువని బందరులో అందరికీ తెలుసు. ఆటోవాళ్ళు షాపు ముందు బండి ఆపి, "అక్కా, ఇవాళ మూడ్ ఎలా ఉంది?" అని అడిగాకే చినిగిన టాపు చూపిస్తారు. కారు సీట్లు, టాపులు, డోర్ ప్యాడ్లు కుట్టడం మావారి పని. ఆయన పోయి మూడేళ్ళయింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని సీటు అంచులకి పైపింగులు కుట్టినదాన్ని. షాపు ఎవరికైనా ఇచ్చెయ్యమని సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళందరినీ కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశాను. దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత చెప్పబోయేది చదివి మీరు నన్ను ఆ నమ్మేవాళ్ళ జాబితాలో వేసేస్తారు.

ఆ కారు ఒక శుక్రవారం పొద్దున గుడివాడ నుంచి లారీ మీద వచ్చింది. రెండే సీట్లు. పొడుగాటి ముక్కు, నేలకి జానెడు ఎత్తు. ఎరుపు వెలిసిపోయి పాత ఇటుక రంగులోకి దిగింది. పైకప్పు లేదు. వెనకాల ముడుచుకుని ఉన్న ఇనప చట్రమూ, దానికి వేలాడుతున్న గుడ్డ పీలికలూ ఉన్నాయి. ఇంజను బాగుచేసిన గుడివాడ మెకానిక్కే దగ్గరుండి దింపించాడు. అతను నన్ను అక్కా అంటాడు, చిన్నా పెద్దా పనులు చాలా పంపిస్తుంటాడు.

"దీంట్లో మనిషి కూర్చుంటాడా, పడుకుంటాడా తమ్ముడూ?" అన్నాను.

"నవ్వకక్కా. ఫారిన్ బండి. స్పోర్ట్స్ కారు. ఓ డాక్టరుగారు మద్రాసులో ఎవరో దొర దగ్గర కొన్నారంట. యాభై ఏళ్ళ బట్టీ షెడ్డులోనే ఉంది."

"డాక్టరుగారేరి మరి?"

"ఉప్పెనలో పోయారు కదా. నాగాయలంక వైపు వెళ్ళి. ఇప్పుడు వాళ్ళావిడ చేయిస్తన్నారు. నీకు ఫోన్ చేస్తారులే."

మా వైపు ఉప్పెన అంటే ఏ ఉప్పెన అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరట. ఆ సంగతి చెప్పకపోయినా గొంతు వింటే తెలిసిపోతుంది, నేను ఫోన్ పట్టుకుని లేచి నిలబడ్డాను. "చుక్క నీరు లోపలికి రాకూడదమ్మా. టాపు, రెండు పక్కలా తెరలు, పైన కప్పే రెయిన్ కవరు. వాన ఎటునుంచి కొట్టినా లోపల పొడిగా ఉండాలి. డోర్లకి ప్యాడ్లు, కింద కార్పెట్టు నీకు తోచినట్టు చెయ్యి. సీట్లకి తోలు పాడైంది, మార్చు" అన్నారు. ఫోన్ పెట్టెయ్యబోతూ మళ్ళీ, "చుక్క కూడా" అన్నారు. వాన మీద ఎవరికైనా అంత పగ ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

పని మొదలుపెట్టాను. మా పనిలో కొత్తదానికి పాతదే కొలత. పాత తొడుగు కుట్లు జాగ్రత్తగా విప్పి, తిరగేసి బల్ల మీద పరిచి, లోపలి వైపు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటాం. అలా విప్పిన తోలు చూస్తే ఆ సీట్లో కూర్చున్న మనిషి మొత్తం తెలిసిపోతాడు. ఎంత బరువు, ఎటు వాలతాడు, జేబులో పర్సు ఎక్కడ పెట్టుకుంటాడు, అన్నీ. ఈ డాక్టరుగారు పొడగరి, సన్నంగా ఉండేవారు. కుడి మోకాలు డోరు ప్యాడ్‌కి ఆనించేవారు, అక్కడ రంగు పోయి చిన్న గుండ్రం పడింది. కూర్చోవడం మాత్రం తిన్నగా కూర్చునేవారు కాదు. ఎడమ వైపు తోలు బాగా సాగి ఉంది, కుడి వైపు దాదాపు కొత్తది. సీటు లోపలున్న కొబ్బరి పీచు కూడా ఎడమవైపే నొక్కుకుపోయి, అరచెయ్యి పెడితే సరిపోయేంత గుంట పడింది. యాభై ఏళ్ళలో ఎలకలు పక్క సీటుని సగం తినేశాయి గానీ దీన్ని ముట్టలేదు. ఎందుకో తెలీదు.

రేకుల షెడ్డు కదా, మిట్టమధ్యాహ్నానికి మాడిపోతుంది. మొదటి రోజు నేను అన్నం కారియర్ విప్పుతుంటే డ్రైవరు సీటు ఉస్సుమంది. ఎవరో బద్ధకంగా కూర్చున్నవాళ్ళు లేచినట్టు, పీచులోంచి గాలి బయటికి వచ్చి, స్ప్రింగు ఒకటి టిక్కుమంది. రెండో రోజూ అదే వేళకి. మూడో రోజు నేను ముద్ద చేతిలో పట్టుకుని కాచుకు కూర్చున్నాను, అప్పుడూ అంతే. వేడికి స్ప్రింగులు వదులవుతాయి, అణిగిన పీచు ఊపిరి తీసుకుంటుంది, నాకు తెలీదా ఏమిటి? కారణం తెలిస్తే భయం పోతుందంటారు గానీ పోలేదు. "ఏవండీ డాక్టరుగారూ, నన్ను అన్నం తిననిస్తారా?" అని గట్టిగానే అడిగాను. షాపులో ఎవరూ లేకపోవడం మంచిదైంది.

పోయినవాళ్ళ సీటు మా షాపుకి వస్తే ఒక పద్ధతి ఉంది. మా మావగారి నాటి నుంచీ ఉంది. పోయినవాళ్ళ పరుపూ దిండూ ఇంట్లో ఎలా ఉంచరో, అలాగే వాళ్ళు కూర్చున్న పీచుని మళ్ళీ కొత్త తోలు కింద పెట్టం. చెత్తకుండీలోనూ వెయ్యం, కుక్కలు లాగుతాయని. షాపు వెనక కాలవ గట్టున కాల్చి, తలస్నానం చేసి వచ్చి కొత్త పీచు వేస్తాం. బండివాళ్ళకి చెప్పేది కూడా ఏమీ ఉండదు, చాలామంది వాళ్ళే అడుగుతారు. ఇదివరకు ఈ పనంతా మావారు చేసేవారు. నాకిదే మొదటిసారి.

సోమవారం చేశాను. ఎంతో శ్రద్ధగా చేశానని చెప్పుకోవాలి, దానికి కారణం ఉంది. మావారు పోయినప్పుడు ఆయన పరుపుని మూడోరోజే మా బావగారి మనుషులు తీసుకుపోయి ఎక్కడో తగలబెట్టారు. నన్ను గదిలో కూర్చోబెట్టారు. ఎక్కడని అడిగితే "నీకెందుకమ్మా ఇప్పుడు" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళతో నేను ఇప్పటికీ మాట్లాడను. అందుకని ఎవరో తెలియని ఈ డాక్టరుగారిదైనా సక్రమంగా జరగాలనిపించింది. పీచుని ముక్కలు చెయ్యకుండా అలాగే ఎత్తుకుని వెళ్ళాను. ఎత్తుతుంటే సిగరెట్టు వాసన, ఆస్పత్రి వాసన, తలనూనె వాసన వచ్చాయి. యాభై ఏళ్ళకి వాసన మిగులుతుందా? నా ముక్కు మీద నాకే అనుమానం. దక్షిణం వైపు తిరిగి, కర్పూరం వెలిగించి, అంటించాను. ఎండు పీచు కదా, ఒక్క నిమిషంలో భగ్గుమంది. ఆ గుంట ఉన్న చోటు మాత్రం చివరిదాకా కాలలేదు, కర్రతో తిప్పాల్సి వచ్చింది. దోసిలితో కాలవ నీళ్ళు తీసి వదిలాను. కాస్త ఏడుపొచ్చింది కూడా. ఎవరి కోసమో నాకే తెలీదు.

ఆ తరవాత రెండు రోజులు హాయిగా పనిచేసుకున్నాను. మధ్యాహ్నం ఏ చప్పుడూ లేదు. టాపు గుడ్డని ఎండలో ఆరేసి, వేడెక్కి మెత్తబడ్డాక చట్రం మీదికి లాగాను. నీడలో లాగితే చల్లబడ్డాక బిగుసుకుని కుట్లు తెగుతాయి. సూది పొడిచిన ప్రతి కన్నంలోంచీ నీరు దిగుతుంది కాబట్టి అంచుల్ని మడత మీద మడత వేసి కుట్టి, లోపలి నుంచి మైనం రుద్దాను. రెండు పక్కలా తెరలకి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ అద్దాలు వేసి ప్రెస్ బటన్లు పెట్టాను. డోర్ ప్యాడ్లు కొత్త ప్లైవుడ్డులో కోశాను. ఎలకలు తిన్న పక్క సీటు బాగుచేసి, డ్రైవరు సీటుకి కొత్త పీచు సమంగా పరిచి, బిగించి, పెట్టేశాను. ఇంత అందమైన పని నేను చెయ్యగలనని ఆయన ఉన్నప్పుడు తెలీదు.

గురువారం ఆవిడ వచ్చారు. గుడివాడ నుంచి తన చిన్న కారు తనే నడుపుకుంటూ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. షాపు గట్టు దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడుతుంటే, గచ్చు మీద మట్టెలు టకటకమన్నాయి. నేను తలెత్తి చూశాను. రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు. మెడలో సూత్రాలు, చేతులనిండా ఆకుపచ్చ గాజులు, తల్లో కనకాంబరాలు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉప్పెనలో పోయారని నేను విన్న మనిషి భార్య నా ఎదురుగా ముత్తయిదువగా నిలబడి ఉంది.

"ఏమ్మా, అలా చూస్తున్నావు?" అన్నారు.

"డాక్టరుగారు..." అన్నాను.

"వెళ్ళారు. ఇంకా రాలేదు" అన్నారు ఆవిడ, బస్సు సంగతి చెప్పినంత మామూలుగా. "ఎవరికీ కనపడలేదు. వారం రోజులు నేనే వెళ్ళి ఒక్కొక్క శవం మొహం చూశాను. ఆయన లేరు. కనపడని మనిషికి కర్మ చేసెయ్యమని అందరూ చెప్పారు. నేను ఒప్పుకోలేదు. పిచ్చిదాన్ని కాదులే. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. రుజువు లేకుండా జవాబు రాస్తే నేను మార్కులు వెయ్యను."

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ కారు చుట్టూ తిరిగి, టాపు కుట్లు వేలితో తడిమి, "బాగుంది" అన్నారు. డ్రైవరు సీటు దగ్గర ఆగారు. అప్పటికి దాని మీద నేను పాత దుప్పటి కప్పి ఉంచాను, గుడ్డ అంటించే సొల్యూషన్ మరకలు పడకుండా.

"ఆయన పరుపూ బట్టలూ మా అత్తగారు అప్పుడే తీయించేశారు. షెడ్డులో కారుందన్న సంగతి మర్చిపోయారు. అందుకని ఇదొక్కటీ మిగిలింది నాకు. ఆదివారాలు వెళ్ళి పక్క సీట్లో కూర్చునేదాన్ని. దీని మీద చెయ్యి వేస్తే ఆయన ఎక్కడ కూర్చున్నారో తెలుస్తుంది." నా వైపు తిరిగారు. "తోలు ఒక్కటే కదమ్మా మార్చావు? లోపలిది అలాగే ఉంది కదా?"

నేను ఎవరికీ భయపడని దాన్ని. అబద్ధం చెప్పే అవసరం కూడా నాకు పెద్దగా ఎప్పుడూ రాలేదు, నిజం చెప్పి తిట్లు తినడమే అలవాటు. అయినా, "అలాగే ఉందండీ" అన్నాను.

"మంగళవారం వస్తాను. బకెట్లతో నీళ్ళు పోయించి చూస్తాను, చెప్తున్నా" అని వేలు చూపించి వెళ్ళిపోయారు. ఆవిడ అటు వెళ్ళగానే నేను సీటు మీది దుప్పటి లాగి చూశాను. ఓరి దేవుడా, నేను కాల్చింది పీచు కాదు. ఆవిడ యాభై ఏళ్ళుగా ఎవర్నీ చెయ్యనివ్వని పని, నేను అడగా పెట్టకుండా, కాలవ గట్టున, నా అంతట నేను చేసేశాను.

ఆ నాలుగు రోజులూ నేను చేసింది దొంగతనం కంటే చెడ్డ పని. ఆ గుంటని మళ్ళీ తయారుచెయ్యాలని కూర్చున్నాను. పాత తోలు తొడుగు నా దగ్గరే ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, ఎక్కడ ఎంత సాగిందో చూసుకుంటూ, కొత్త పీచుని తడిపి, చేతులతో నొక్కి, ఇసక మూటలు పెట్టి, ఆరాక దబ్బనంతో అక్కడక్కడ కుట్టి బిగించాను. రెండుసార్లు విప్పి మళ్ళీ చేశాను. ఆ నొక్కడంలో ఒక వింత జరిగింది. మొదట నేను తోలు చూసి కొలుచుకుంటూ నొక్కాను. ఆదివారం నాటికి చూడటం మానేశాను. చేతులు వాటంతట అవే ఎక్కడ ఎంత లోతు కావాలో వెతుక్కుంటూ పోయాయి. ఎవరో ఒక మనిషి, నాకు బాగా తెలిసినవాడు, నా చేతుల కింద నెమ్మదిగా కూర్చుంటున్నట్టు ఉంది. అయినా చేతులు తియ్యలేదు. తియ్యాలనిపించలేదు. అది చెప్పుకోవడానికే నాకు భయంగా ఉంది.

సోమవారం మధ్యాహ్నం సీటు మళ్ళీ ఉస్సుమంది. ఈసారి నేనేమీ అనలేదు.

మంగళవారం ఆవిడ అన్న మాట ప్రకారం వచ్చారు. కారుని షాపు ముందుకి తోయించి, పక్క సీట్లో ఎక్కి కూర్చుని, "అన్నీ మూసెయ్" అన్నారు. టాపు బిగించాను, తెరల బటన్లు నొక్కాను. బకెట్టు తరవాత బకెట్టు పోశాను. ముందు నుంచి, వెనక నుంచి, తెరల మీద విసిరి కొట్టాను. ఎనిమిదో బకెట్టుకి చేతులు పడిపోయాయి. ప్లాస్టిక్ అద్దం మీద నీళ్ళు జారుతుంటే లోపల ఆవిడ మసకగా కనపడుతున్నారు. కదలటం లేదు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది, కుడి చెయ్యి డ్రైవరు సీటు మీద ఉంది.

తెర తీశాను. లోపల పొడిగా ఉంది. చుక్క రాలేదు.

"దీంట్లో ఎవరు కూర్చున్నారమ్మా?" అన్నారు.

"ఎవరూ కూర్చోలేదండీ."

"ఆయన ఎడమకి వాలేవారు. ఇంజను చప్పుడులో నా మాట వినపడేది కాదని, నా వైపుకి. ఇది కుడికి ఉంది." గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపేసింది. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచేదాన్ని.

తోలుని తిరగేసి పరుస్తాం. తిరగేసినప్పుడు ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. పనిలో చేరిన మొదటి వారమే మావారు నాకు నేర్పిన సంగతి అది. ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. ఇప్పుడు చేశాను. అక్కడే తడి నేల మీద నిలబడి అంతా చెప్పేశాను. పోయినవాళ్ళ పీచు కాల్చేస్తామని, ఆయన పోయారని విన్నానని, మీ బొట్టు చూసేదాకా నాకు తెలీదని, అబద్ధం చెప్పానని, గుంట నేను చేసిందని. "నన్ను కొట్టండమ్మా" అన్నాను. "కనీసం తిట్టండి" అన్నాను.

ఆవిడ చట్రం ఊచ పట్టుకున్నారు. తరవాత ఒక్కొక్కటీ అడిగారు, పిల్లల చేత లెక్క చేయిస్తున్నట్టు.

"ఎక్కడ?"

"వెనకాల. కాలవ గట్టున."

"ఎటు తిరిగి?"

"దక్షిణం వైపు."

"నీళ్ళు వదిలావా?"

"వదిలానండీ."

"ఎవరైనా ఏడ్చారా?"

"నేను ఏడ్చాను. కొద్దిగా."

"ఏ రోజు?"

"నిన్న కాదు, అంతకుముందు సోమవారం."

బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. "ఇవాళ తొమ్మిదో రోజు" అన్నారు. "అయితే రేపే పదో రోజు."

నాకు అర్థమైంది. పదో రోజంటే ఏం చేస్తారో ఏ ఆడదానికీ చెప్పక్కర్లేదు. "వద్దండీ, అది వట్టి పీచు. కొబ్బరి పీచు. నేను చేసిన వెధవ పనికి మీరు..." అని ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ విన్నారో లేదో తెలీదు.

"పొద్దున్నే వస్తాను, తయారుగా ఉండు. పాలకాయతిప్ప సముద్రానికి వెళ్దాం. ముత్తయిదువలు చూడకూడదంటారు, నువ్వైతే చూడొచ్చు కదా" అన్నారు.

ఆ మాట సూదిలా దిగింది. కానీ ఆవిడ నన్ను నొప్పించడానికి అన్నది కాదు. మావారు పోయినప్పుడు నా బొట్టు నేను తియ్యనివ్వలేదు, ఇప్పటికీ చిన్నది పెట్టుకునే తిరుగుతాను. అయినా నేను ఏమిటో ఆవిడకి తెలుసు.

బుధవారం ఆ కారుని ఆవిడే నడిపారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. చల్లపల్లిలో టీ కొట్టు దగ్గరున్నవాళ్ళంతా లేచి నిలబడి సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఆ రోజు కారులోనే బయల్దేరబోయారు" అన్నారు కోడూరు దాటాక. "నాగాయలంకలో ఎవరికో కాన్పు కష్టంగా ఉందని కబురొచ్చింది. టాపు చినిగిపోయి ఉంది. వానలో తడిసిపోతారు, బస్సులో వెళ్ళండి అన్నాను. నేనే అన్నాను. కారు తీసుకెళ్తే సాయంత్రానికి వచ్చేసేవారు. బస్సులు ఆగిపోయాయి, అక్కడే ఉండిపోయారు. తడుస్తారని, చూడమ్మా. తడుస్తారని బస్సెక్కించాను."

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

పాలకాయతిప్ప దగ్గర ఆ వేళప్పుడు ఎవరూ లేరు. దూరంగా ఒక పడవ ఉంది. ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళారు. గాజులు పగలగొట్టలేదు, ఒక్కొక్కటీ తీసి నీళ్ళలో వదిలారు. బిగుతుగా ఉండి రాకపోతే చెయ్యి తడిపి, తిప్పి తిప్పి తీశారు. నేను వెనక నిలబడి "తియ్యకండి, నా మాట వినండి, ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నారు?" అని అరుస్తూనే ఉన్నాను.

"నీది నువ్వు ఉంచుకున్నావు, బాగుంది. నాది ఎవరూ తియ్యటం లేదు కదా, నేనే తీసుకుంటున్నా" అన్నారు. తడి చేత్తో బొట్టు తుడుచుకున్నారు. ఆ చోట చర్మం తెల్లగా, చిన్నపిల్లది లాగా ఉంది. "పొద్దున్న అద్దం ముందు నిలబడి ఇది పెట్టుకున్నప్పుడల్లా, ఉన్నారా అని అడిగేదాన్ని. ఇన్నేళ్ళూ. అలిసిపోయానమ్మా."

అప్పుడు ఏడ్చారు. అంత పెద్ద వయసు మనిషి అంత గట్టిగా ఏడవగలరని నాకు తెలీదు. పేరు పెట్టి పిలిచారు, తిట్టారు, ఒక మాట చెప్పి వెళ్ళొచ్చు కదా అని అడిగారు. నేను వెళ్ళి పట్టుకున్నాను. పట్టుకుని నేనూ ఏడ్చాను.

తిరిగి వస్తుంటే మోపిదేవి దగ్గర వాన పట్టుకుంది. కుండపోత. టాపు మీద చప్పుడుకి మాట వినపడటం లేదు. ఆవిడ చెయ్యి పైకి చాపి గుడ్డని లోపల నుంచి తడిమి, పొడిగా ఉన్న వేళ్ళు నాకు చూపించారు. మొహం కడిగినట్టు ఖాళీగా ఉంది.

"ఒకటి అడగనా?" అన్నారు కాసేపటికి. "మీ ఆయన కుడికి వాలి కూర్చునేవాడా?"

కుట్టుమిషన్ చక్రం కుడి వైపు ఉంటుంది. ఆయన కుడి చేత్తో చక్రం పట్టుకుని, బరువంతా కుడి తొడ మీద వేసి, రోజంతా అలాగే కూర్చునేవారు. అన్నానికి కూర్చున్నా, బస్సులో కూర్చున్నా కుడికే. "నడుం పడిపోతుంది, తిన్నగా కూర్చో మహానుభావా" అని ఇరవై రెండేళ్ళు అరిచాను.

"అవునండీ" అన్నాను.

"అనుకున్నాను. చూసి కొలిచి చేసింది ఇంత బాగా రాదు. పరాయి మగాడి చోట్లో కూర్చుని అంత దూరం పోయి వస్తున్నాను, నాకు సిగ్గుగా ఉంది" అన్నారు. నవ్వబోయి, మానేశారు. "షాపు దగ్గర దిగాక ఆ సీటు ఊడదీసి నువ్వు తీసుకో. నీది నీ ఇంట్లో ఉండాలి. నాకు వేరేది కుట్టిపెట్టు. సాపుగా. ఎవరూ కూర్చోనట్టు."

బందరు చేరేసరికి వాన వెలిసింది. ఆవిడ షాపు గట్టు మీద ముడుచుకుని కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగారు. నేను స్పానరు పట్టుకుని డ్రైవరు సీటు కిందికి దూరాను. ఉన్నవి నాలుగే బోల్టులు. విప్పేసరికి సాయంత్రమైంది.